తేలిక సంచీ ఎవరి గొప్ప?

ఈ మధ్య ప్రయాణాల గురించి ఎవరు మాట్లాడినా ముందు సంచీ బరువు చెబుతున్నారు. ఏం చూశారు, ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు అన్నవన్నీ తర్వాత. ఏడు కిలోల బ్యాక్‌ప్యాక్‌తో మూడు నెలలు తిరిగొచ్చాం, రెండు జతల బట్టలతో నాలుగు దేశాలు చూశాం అని చెబుతుంటే వినేవాళ్లు చేతులు జోడించినంత పని చేస్తున్నారు. పచ్చడి సీసాలతో, స్వీటు డబ్బాలతో, తాడు కట్టిన పెట్టెతో గుడివాడ స్టేషన్లో దిగే కుటుంబాన్ని చూసి జాలిపడటం కూడా అలవాటైపోయింది. తక్కువ సామానుతో తిరగడం మంచిదే. భుజం నొప్పి ఉండదు, కూలీ కోసం వెతుక్కోనక్కర్లేదు, బస్సు తప్పితే నడిచి పోవచ్చు. నాకు కష్టం కలిగేదల్లా ఆ తేలికదనం మొత్తాన్ని మోసేవాడి ఖాతాలో వేసేసుకోవడం. సంచీలో దుప్పటి లేదంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఉతికి మడతపెట్టి ఉంచారన్నమాట. గిన్నె లేదంటే ఎవరింట్లోనో పొయ్యి వెలుగుతోందన్నమాట. తేలిక సంచీ గొప్ప ముందుగా దాన్ని దించుకునే ఊరిది. ఈ మాటకు కృష్ణా డెల్టాలో ఉన్నంత సాక్ష్యం ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

బందరుకు ముప్పై కిలోమీటర్లు కూడా లేని కూచిపూడి నుంచి భాగవతుల మేళాలు ఊరూరా తిరిగిన కాలంలో వాళ్ల సామాను ఎంతుండేదో చూడండి. మృదంగం, తాళాలు, శ్రుతి, ఫిడేలు. మొహానికి హరిదళం, కంటికి కాటుక. దీపపు వెలుగులో బంగారంలా మెరిసే కిరీటాలూ భుజకీర్తులూ తేలిక కర్రతో చేసినవి. ఇక రంగస్థలమంతా ఒక్క తెర. మడిచి భుజాన వేసుకోవచ్చు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకు నిలబడితే చాలు, దాని వెనక ద్వారక ఉన్నట్టే. భామాకలాపంలో సత్యభామ వచ్చేటప్పుడు మనిషి కనపడకముందే తెర మీదుగా జడ ఒక్కటి ఇవతలికి పడుతుంది. నాగపడగ, వరసగా బిళ్లలు, చివర కుచ్చులు. ఊరంతా ఆ బారెడు జడను చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. మమ్మల్ని మించిన విద్వాంసుడుంటే వచ్చి ఈ జడ కోయండి అన్న సవాలు అందులో ఉందని పెద్దలు చెబుతారు. అంత సవాలుకు కావలసిన సరంజామా ఒక గుడ్డ, ఒక జడ. హిరణ్యకశిపుడి లాంటి పాత్ర రావాలంటే కాగడా మీద గుప్పెడు గుగ్గిలం చల్లుతారు. భగ్గుమని మంట లేస్తుంది, పిల్లలు తల్లుల ఒళ్లోకి దూరతారు. ఆ గుగ్గిలం మూట ఏ సంచీలోనైనా ఓ మూల పడి ఉంటుంది.

ఇంత కొద్ది సామానుతో తెల్లవార్లూ ఆడగలిగారంటే అది వాళ్ల ఒంట్లో ఉన్న విద్య అని అందరూ అంటారు. కాదనను. దరువులూ పద్యాలూ కంఠస్థం, అడుగు కాళ్లలో ఉంది, అభినయం కళ్లలో ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వచ్చి నిలబడితే అది మగవాడు కట్టిన వేషమన్న సంగతి చూసేవాళ్లకు గుర్తుండేది కాదంటే, ఆ సొత్తు పెట్టెల్లో పట్టేది కాదు. అయితే అది సగం సంగతే. కాగడాలు పట్టింది ఆ ఊరి రజకులు. నూనె ఊరిది. పందిరి రాటలు పాతింది ఊరివాళ్లు. వంట చేసి పెట్టింది, నడుం వాల్చడానికి అరుగు చూపించింది ఊరు. మేళం మోయనివన్నీ ఊరు మోసింది. వెనక్కి తిరిగి వెళ్లడానికి వాళ్లకో అగ్రహారం ఉంది. గోల్కొండ నవాబు తానీషా 1678లో ఇచ్చాడని చెప్పుకుంటారు. వెనక ఇల్లు, ముందు ఊరు, రెండూ గట్టిగా ఉన్నాయి కాబట్టి మధ్య దారిలో భుజం మీద బరువు తగ్గింది.

అవధానానిదీ ఇదే దారి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరులో తెలుగు పండితులుగా పాఠాలు చెప్పారు. ఆ జంట గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి సంస్థానాల దాకా వెళ్లి అవధానాలు చేసింది. అవధానికి కాగితం, కలం కూడా అక్కర్లేదు. అన్నీ ధారణలోనే. ఇంతకన్నా తేలిక ప్రయాణం ప్రపంచంలో ఏ విద్యకైనా ఉందా? అయినా ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎదురుగా కూర్చోకపోతే అష్టావధానం లేదు. ప్రశ్నలు వేయగలిగేంత చదువుకున్నవాళ్లు, తప్పొప్పులు పట్టగలిగేవాళ్లు ఆ ఊళ్లో ముందే ఉండాలి. అవధాని ఖాళీ చేతులతో దిగాడంటే ఆ ఊరు నిండుగా ఉందన్నమాట. నోబుల్ కాలేజీ 1843లో మొదలైన బందరు చదువుల ఊరైంది. అలాంటి ఊళ్లకు వచ్చిన పేద పిల్లల్లో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లుండేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం. ఆ పిల్లవాడి సంచీలో బియ్యం ఎందుకుంటాయి?

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతేమిటి? మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. వెంట వందమంది దాకా మనుషులు, పల్లకీ, గుడారాలు. తెలుగువాడికి ప్రయాణమంటే ఇల్లంతా కదిలించడమే అనడానికి ఆ యాత్రను చూపిస్తారు. నా లెక్కలో అది నా వాదానికే బలం. దారిలో తర్వాతి మజిలీలో బియ్యం దొరుకుతాయో లేదో, దొంగల భయం ఉందో లేదో తెలియనప్పుడు ఎంత బుద్ధిమంతుడైనా ఇంటిని వెంట తీసుకెళతాడు. తెలియని దారి సామాను పెంచుతుంది. తెలిసిన ఊరు తగ్గిస్తుంది.

దీనికన్నా పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఊరు ఆదరిస్తుందన్నావే, అందరినీ ఆదరించిందా? ఆదరించలేదు. వారాల భోజనం కులం అడిగి పెట్టిందే. వరి కోతలకు ఉత్తరాంధ్ర నుంచి డెల్టాకు వచ్చే కూలీల మూటలు విప్పి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. సత్తు గిన్నెలు, బియ్యం, కారం పొట్లం, కొడవలి, దుప్పట్లు, వానొస్తే కప్పుకునే పట్టా, చంటిదానికి ఉయ్యాల కట్టే పాత చీర. కోసిన చేలల్లో బాతులు మేపుకుంటూ ఊరు మారేవాళ్లయితే రాత్రికి మందను మళ్లేయడానికి వల, గుంజలు కూడా మోసుకు తిరుగుతారు. ఇల్లు వదిలి సంచీతో బతకడం గురించి నేర్చుకోవాలంటే వీళ్ల దగ్గర నేర్చుకోవాలి. వీళ్ల మూట బరువుగా ఉండటం సామాను మీద మమకారం వల్ల కాదు. ఏ గుమ్మం ముందూ వీళ్ల కోసం గ్లాసు పెట్టి ఉంచరు. ఏడు కిలోల బ్యాక్‌ప్యాక్ వేసుకున్నవాడు డబ్బిస్తున్నాను కదా అనవచ్చు. కానీ బాతులవాడి జేబులో అంతే డబ్బున్నా అదే లాడ్జిలో గది దొరకడం కష్టం. కాబట్టి బరువును బట్టి మనిషిని కొలవకండి. ఎవరి మూట ఎంత బరువుగా ఉందో చూస్తే ఆ ఊరు ఎవరిని నమ్ముతుందో, ఎవరిని నమ్మదో తెలిసిపోతుంది.

గుడివాడ స్టేషన్లో దిగిన ఆ కుటుంబం దగ్గరికి మళ్లీ వస్తాను, వాళ్లను వదిలేస్తే మనసొప్పదు. ఆ డబ్బాల్లో ఉన్నది వాళ్లు తినడానికి కాదు. బందరు తొక్కుడు లడ్డు తయారుచేసేటప్పుడు దంచి, జల్లించి, బెల్లం పాకంతో కలిపి మళ్లీ దంచుతారు. రోజుల తరబడి చెడదు. దూరంగా ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని పుట్టిన మిఠాయి అనిపిస్తుంది నాకు. అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్లే తల్లి ఇరవై మూడు కిలోల చొప్పున రెండు పెట్టెలు సర్దుతుంది. అందులో తన చీరలు నాలుగో ఐదో ఉంటాయి. మిగతాది ఆవకాయ, కారప్పొడి, శొంఠి, వాము, పాత మెత్తటి నూలు చీరలు. తన కోసం ఆమె మోస్తున్నది బ్యాక్‌ప్యాక్ కుర్రాడికన్నా తక్కువే ఉంటుంది. ఊరు మనిషికి ఎదురొచ్చి ఇచ్చేదాన్ని, ఆమె ఊరికి మారుగా మోసుకెళ్తోంది. దాన్ని లగేజీ అనడానికి నాకు నోరు రాదు.

దివిసీమ గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. వెళ్లడానికి ఎత్తయిన చోటు లేదు, నమ్మడానికి అందిన కబురు లేదు. 1990 మేలో మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. అప్పటికి లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు, పోయిన ప్రాణాలు వెయ్యి లోపు. తుపాను వస్తోందని చెప్పినా ఇల్లు కదలనివాళ్ల మీద మొండివాళ్లన్న ముద్ర వేస్తారు. గొడ్డును ఎక్కడ కట్టాలో, తిండి ఎవరు పెడతారో, తిరిగొచ్చేసరికి ఇంట్లో గిన్నెలుంటాయో లేదో తెలియని మనిషి చేతిసంచీతో బయల్దేరడం ఎంత కష్టమో ఆలోచించాలి. నాగాయలంక, కోడూరు వైపు తీరపు ఊళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు. లోపల సున్నం వేసి, మంచినీళ్ల తొట్టి నింపి, మెట్ల పక్కన లాంతరు పెట్టి ఉంచిన చోటికి ఇల్లాలు బిడ్డను చంకనేసుకుని, రేషన్ కార్డూ పాసు పుస్తకమూ పాలిథిన్ కవరులో చుట్టి కొంగున దోపుకుని ఎక్కేస్తుంది. ఉప్పుగాలికి పెచ్చులూడి, కిటికీ ఊచలు తుప్పుపట్టి కనిపిస్తే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లోకి తిరిగి వెళ్లి ఇంకో దుప్పటి, బియ్యం మూట, గిన్నె తెచ్చుకుంటుంది.