మొదలు తియ్యకుంటే మళ్లీ మొలుస్తది

ఆదివారం నిజామాబాద్‌ల బస్సెక్కి బోధన్ పోయిన. శక్కర్‌నగర్‌ల మా మేనమామ కంప్యూటర్ "ఆగమైంది" అట. 2015 చివర్ల మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీల పనిచేసిన మనిషి. ఏ మిషన్ చెడినా విప్పి చూడందే ఊకోడు. ఇది మాత్రం అంతుచిక్కలేదు.

క్రోమ్ తెరిస్తే గూగుల్‌కు బదులు పేరూ ఊరూ లేని సెర్చ్ పేజీ. కింద మూలకు "మీ కంప్యూటర్‌లో వైరస్" అని ఎర్రటి బెదిరింపులు. "ఏం ఎక్కించినవ్ మామా?" అంటే, "పీడీఎఫ్ తెరుసుకుంటలేదని ఏదో ఫ్రీ కన్వర్టర్..." అని నసిగిండు. నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంట పోతే దాని వెంబడి ఇంకో నాలుగు దిగినయ్!

విండోస్ సెట్టింగ్స్‌ల యాప్స్‌ను తేదీ ప్రకారం పేర్చి, ఆ రోజు వచ్చినవన్నీ తీసేసిన. క్రోమ్ తెరిస్తే మళ్లీ అదే పేజీ. చూస్తే క్రోమ్ ఎక్స్‌టెన్షన్లల ఒకటి దాక్కుంది. దాన్ని పీకేసి, తెలియని సైట్ల నోటిఫికేషన్లు ఆపి, క్రోమ్ రీసెట్ చేసి, విండోస్ డిఫెండర్‌తోని ఫుల్ స్కాన్ పెట్టిన.

మామ ఒక్కడే మోసపోలేదు. 2017ల ఫైర్‌బాల్ అనే ఇట్లాంటిదే ప్రపంచంల 25 కోట్ల కంప్యూటర్లకు పాకిందని చెక్ పాయింట్ సంస్థ అంచనా కట్టింది. అంత లేదని మైక్రోసాఫ్ట్ అన్నది. అదీ ఉచిత సాఫ్ట్‌వేర్ల తోక పట్టుకునే వచ్చింది.

చాయ్ తాగుకుంట మామ అన్నడు: "చెరుకు కొట్టినా మొదలు భూమిల ఉంటే మల్ల పిలకలేస్తది గద అల్లుడా. ఇదీ గంతేనా?"

గంట సేపు నేను చెప్పింది ఆయన ఒక్క ముక్కల తేల్చిండు.