ఉర్లగడ్డపై విరిసిన తామర



గడచిన దసరా సెలవులలో చెన్నపట్టణమున ఎగ్మూరునందలి ప్రభుత్వ మ్యూజియమును చూడబోయితిని. 1851వ సంవత్సరమున స్థాపింపబడిన యా సంస్థలో అమరావతీ స్తూపపు శిల్పములు గలవు. వానిలోని తామరపూల చక్రముల యెదుట చాలసేపు నిలిచితిని. నడుమ దుద్దు, చుట్టును వరుసలుగా రేకులు. ఒక్క రేకును అచ్చుగా చెక్కుకొన్నచో పువ్వంతయు మనదే గదా యని తోచెను.

అద్దకము మన తీరమునకు క్రొత్తది కాదు. 1626 ప్రాంతమున ఆంగ్లేయ వర్తకులు దుగరాజపట్నమున బట్టల వ్యాపారమునకై వర్తకశాలను నెలకొల్పిరి. మచిలీపట్నము చేరువనున్న పెడనలో నేటికిని టేకు అచ్చులతో కలంకారీ బట్టల నద్దుచున్నారు.

ఇంటికి వచ్చి, ఉర్లగడ్డను అడ్డముగా కోసి, కోసిన ముఖముపై రేకును గీసి, చుట్టునున్న భాగమును చాకుతో కొంత లోతున తీసివేసితిని. చిన్నపిల్లలు ఈ పని పెద్దలచేత చేయించుకొనవలెను. అచ్చుపై తడిని గుడ్డతో తుడిచితిని. తడి మిగిలినచో రంగు ప్రాకును. దీపపుమసిని తుమ్మజిగురు నీటిలో నూరి, ఆ రంగుతో మడత గుడ్డను తడిపి, దానిపై అచ్చు నొత్తి కాగితముపై నద్దితిని. వలయము చుట్టును ఎనిమిది మారు లద్దగా తామర విరిసెను. నడిమి దుద్దునకు అడ్డముగా కోసిన బెండకాయ ముక్క చాలినది.

ఆ యుత్సాహముతో క్రిస్మసు కార్డులకై "శుభము" అని చెక్కి తరగతిలో అద్ది చూపితిని. అక్షరములన్నియు తిరగబడినవి! పిల్లలు నవ్విరి. వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచెను. అతడు బెస్తవారి బిడ్డ. ఏడాది మొదట "నీకు చిత్రలేఖన మబ్బదు" అని నే నందరి యెదుట ననగా, నాటినుండి ఆ పుస్తకమును తెచ్చుట మానిన వాడు.

"అయ్యవారూ, పలుచని కాగితముపై వ్రాసి, తిరగవేసి, ఆ వెనుకవైపు కనబడినట్లు చెక్కండి. నీళ్లలో మా పడవ పేరు తిరగబడియే కనబడును గదా!" అనెను.

చాకు నతని చేతికిచ్చితిని. అతడు చెక్కిన అక్షరములు సరిగా పడినవి. అందరి యెదుట నన్న మాటను అందరి యెదుటనే వెనుకకు తీసికొంటిని. మరునాడు అతడు చిత్రలేఖన పుస్తకమును తెచ్చెను.

ఉపాధ్యాయుని మాటయు అచ్చువంటిదే. చెక్కుటలో తప్పినచో, అద్దిన ప్రతిచోటను ఆ తప్పే పడును. తిరగబడిన నా కార్డును బల్ల సొరుగులో దాచుకొంటిని.