లాటినో నవల, నాటకం: ఉద్దిష్ట పాఠకుడెవరు?

చుట్టల కర్మాగారంలో కార్మికులు పొగాకు చుడుతూ ఉండగా ఎత్తైన వేదికపై కూర్చొని ఒక వ్యక్తి నవల చదివి వినిపించేవాడు. క్యూబా నుంచి ఫ్లోరిడాలోని టాంపాకు వలసదారులతోపాటు వచ్చిన ఆచారమిది. ఈ చదువరిని 'లెక్తోర్' అనేవారు. అతని జీతాన్ని కార్మికులే తలా కొంత వేసుకొని చెల్లించేవారు. నీలో క్రూస్ 'అన్నా ఇన్ ద ట్రాపిక్స్' నాటకం 1929 నాటి ఈ లోకాన్నే చిత్రించింది. టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా'ను వింటున్న శ్రోతల దాంపత్యాలలో కదలిక రావడం, యంత్రాల రాకతో చదువరి ఉనికికే ముప్పు వాటిల్లడం ఇందులోని ఇతివృత్తం. 2003లో ఈ నాటకానికి పులిట్జర్ బహుమతి లభించింది. నాటక విభాగంలో ఆ గౌరవం పొందిన తొలి లాటినో రచయిత క్రూస్.

రచన ఎవరి చెవిని ఉద్దేశించింది, దాని ఖర్చును ఎవరు భరిస్తున్నారు అనే రెండు ప్రశ్నలను ఈ నాటకం ముందుకు తెస్తుంది. లాటినో సాహిత్యం మొత్తానికీ ఇవి కీలకమైనవి. లాటిన్ అమెరికన్ సాహిత్యం అనగానే స్ఫురించే మార్క్వెజ్, నెరూడాల సంప్రదాయం వేరు. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మెక్సికన్, ప్యూర్టోరికన్, క్యూబన్, డొమినికన్ తదితర మూలాలవారి సాహిత్యం. అధిక భాగం ఆంగ్లంలో వెలువడుతున్నా, దాని ఊపిరిలో స్పానిష్ ఉంటుంది.

1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల సమ్మె నడుమ లూయిస్ వాల్డెజ్ 'ఎల్ తియాత్రో కాంపెసీనో' నాటక బృందాన్ని స్థాపించాడు. లారీల మీదే ప్రదర్శనలు సాగేవి. నటులూ ప్రేక్షకులూ కూలీలే కాబట్టి అక్కడ వివరణ అవసరం రాలేదు. 1979లో ఆయన 'జూట్ సూట్' బ్రాడ్వేకు చేరేసరికి ప్రేక్షకుడు మారాడు. తెలియనివారికి తమను తాము పరిచయం చేసుకోవలసిన భారం నాటకం మీద పడింది.

నవలలోనూ ఇదే సమస్య కనిపిస్తుంది. సాండ్రా సిస్నెరోస్ 'ద హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్'ను 1984లో తొలుత ప్రచురించింది హ్యూస్టన్‌లోని ఆర్తె పుబ్లికో అనే చిన్న సంస్థ. 2008లో పులిట్జర్ పొందిన జునో డియాజ్ 'ఆస్కార్ వావ్' నవలలో నియంత త్రుహియో చరిత్రకు దీర్ఘమైన పాదసూచికలు ఉన్నాయి గాని, కథనంలో దొర్లే స్పానిష్ పదాలకు ఇటాలిక్ అక్షరాలు గాని అర్థాలు గాని లేవు. తెలియని పాఠకుడే దూరం నడవాలి. మాండలిక కథాసంపుటాల చివర పదకోశం చేర్చాలా వద్దా అన్న తర్జనభర్జనలు ఎరిగిన తెలుగు విమర్శకులకు ఈ నిర్ణయంలోని ధిక్కారం సులభంగానే అర్థమవుతుంది.

2020లో 'అమెరికన్ డర్ట్' నవలపై చెలరేగిన వివాదం ఈ చర్చను ప్రచురణరంగంలోకి లాగింది. మెక్సికన్ వలసజీవుల వేదనను బయటివారి ఉత్కంఠ కోసం మలిచారన్నది ప్రధాన ఆరోపణ. ఎవరి కథలకు భారీ పెట్టుబడి దక్కుతోందన్న ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది.

ఆ తరువాతి రచనలు ఆశ కలిగిస్తున్నాయి. 2023లో నేషనల్ బుక్ అవార్డు పొందిన జస్టిన్ టోరెస్ నవల 'బ్లాకౌట్స్'లో మరణశయ్యపై ఉన్న వృద్ధుడు ఒక యువకుడికి గతాన్ని అప్పగిస్తాడు. స్వలింగ ప్రేమికులపై 1941లో వెలువడిన ఒక అధ్యయన గ్రంథపు పుటలు, సిరాతో కొట్టివేసిన వాక్యాలతో, ఆ నవలలో చేరాయి. తమను వ్యాధిగ్రస్తులుగా వర్ణించిన పాఠాన్నే చెరిపి, మిగిలిన మాటలతో కవిత్వం అల్లుకోవడం ఇందులోని విశేషం. జోసెఫీనా లోపెజ్ 1990 నాటి నాటకం 'రియల్ విమెన్ హావ్ కర్వ్స్' 2025లో సంగీత నాటకంగా బ్రాడ్వేకు వచ్చింది. వలస అధికారుల భయం నడుమ లాస్ ఏంజెలెస్ కుట్టుకేంద్రంలో పనిచేసే స్త్రీల కథ అది. చుట్టల కార్మికుల్లాగే వీరు కూడా పనిచేస్తూ మాట్లాడుకుంటారు.

కనుక రాబోయే లాటినో రచనలలో ఎదురుచూడవలసింది సరిహద్దు దాటిన కథల సంఖ్య పెరగడాన్ని కాదు. రచన ఎవరితో మాట్లాడుతున్నదన్న స్పష్టతను. ఈ రచనలను తెలుగులోకి తేదలచిన అనువాదకుడికీ ఈ ప్రశ్న తప్పదు. మూలరచయిత కావాలనే అర్థం చెప్పక విడిచిన స్పానిష్ పదానికి తెలుగు పుట అడుగున అర్థం చేరిస్తే పాఠకుడికి సౌకర్యమే. అయితే ఏ భారాన్ని రచయిత దించుకున్నాడో, దాన్ని తిరిగి ఆ రచన నెత్తిన పెట్టినట్లవుతుంది.