మనుమరాలి సైకిలు

పల్నాడనగానే చదువరులకు కారెంపూడి యుద్ధమును, నాయకురాలు నాగమ్మయు, బ్రహ్మనాయని చాపకూడును స్ఫురించును. మా సీమవారికి మాత్రము మొదట స్ఫురించునది యెండ. వేసవి వచ్చినచో రెంటచింతల పేరు పత్రికలకెక్కుట మాకు పరిపాటియే. అట్టి సీమలో పుట్టి, డెబ్బదియైదేండ్లు గడపి, ఉపాధ్యాయవృత్తి చాలించి నరసరావుపేటలో కాలక్షేపము చేయుచున్న నేను సైకిలు ప్రయాణములను గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని యీ వ్యాసము సైకిలును గూర్చి మాత్రమే కాదు. నేను చేసిన యొక తప్పును గూర్చి కూడ.

నా చెల్లెలి మనుమరాలు మా పట్టణమున నొక బ్యాంకిలో ఉద్యోగము చేయుచు మా యింటనే యుండును. రెండేండ్ల క్రిందట తన జీతముతో నొక సైకిలు కొన్నది. మొదట సెలవుదినములందు కోటప్పకొండదాక పోయి వచ్చెడిది. పిదప పిడుగురాళ్ళదాక పోవ నారంభించినది. ఒకనాటి సాయంకాలము నాకు కాఫీ యిచ్చి, "తాతయ్యా, జనవరిలో రెండువందల కిలోమీటర్లు తొక్కబోతున్నాను. తెల్లవారుజామున బయలుదేరి సాగర్ దాకా పోయి, పొద్దుగుంకే లోపల తిరిగి వస్తాను" అన్నది.

"సాగర్‌కు బస్సులున్నవి కదా తల్లీ!" అంటిని.

ఆమె నవ్వి నాకు పాఠము చెప్పినది. నలువదేండ్లు పాఠములు చెప్పినవానికి పాఠము వినుట యొక భాగ్యమే.

1891వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో పారిస్ నుండి బ్రెస్ట్ రేవునకు పోయి మరల పారిస్ చేరవలెనని యొక సైకిలు పందెము పెట్టిరట. రానుపోను 1200 కిలోమీటర్లు. షార్ల్ తెరోన్ అను వృత్తిక్రీడాకారుడు నిద్రమాని తొక్కి, 71 గంటల 22 నిమిషములలో దానిని ముగించెను. నాడది బహుమతికై పోరాడువారి పందెము. నేడు నాలుగేండ్లకొకసారి జరుగు నా ప్రయాణము కేవలము అభిరుచిచే తొక్కువారిది. గరిష్ఠమైన గడువు 90 గంటలు. దానికి పోగోరువారు ముందుగా 200, 300, 400, 600 కిలోమీటర్ల ప్రయాణములను ముగించి అర్హత పొందవలెను. వీనికి బ్రెవే అని పేరు. 200కు పదుమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. మన దేశమునను వీనిని నడపు సంఘములున్నవి.

ఈ ప్రయాణములలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. ఇందు మొదటివాడు, కడపటివాడు అను లెక్క లేదు. దారిలో నిర్ణీతస్థలముల యందు చేతిలోని చీటీపై ముద్ర వేయించుకొనుచు గడువులోపల చేరినవారందఱును సమానులే. చక్రము పగిలిన తానే బాగుచేసికొనవలెను. ఆకలియైన తానే చూచుకొనవలెను. పాఠశాలలలో ర్యాంకులకై పిల్లల ప్రాణములు తీయుచున్న యీ కాలమున ఇట్టి పరీక్ష యొకటి యున్నదని వినుట నా చెవులకు చల్లగా నుండెను.

ఇంతకంటె కఠినమైనది మఱియొకటి చెప్పినది. హవాయి ద్వీపములలో 1978 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఐరన్‌మ్యాన్ పోటీ. సముద్రములో 3.8 కిలోమీటర్ల ఈత, వెంటనే 180 కిలోమీటర్ల సైకిలు, దానివెంట 42 కిలోమీటర్ల పరుగు, అన్నియు నొక్కదినముననే. మొదటియేట పదునైదుగురు బయలుదేరగా పండ్రెండుగురు ముగించిరి. మఱుసటియేట అందు పాల్గొన్న యేకైక స్త్రీ లిన్ లెమేర్ అయిదవ స్థానమున నిలిచినది. ఇందు వృత్తిక్రీడాకారులును, ఉద్యోగములు చేసికొని బ్రతుకువారును ఒకే దారిలో పోవుదురు. వృత్తివారిలో ముందున్నవారు ఎనిమిది గంటలకు అటునిటుగా ముగింతురు. తక్కినవారికి సుమారు పదునేడు గంటల గడువు. అర్ధరాత్రి సమీపించి కడపటివారు కాళ్ళీడ్చుకొనుచు వచ్చువేళ, పగలే గెలిచిన విజేతలు మరల వచ్చి వారి కెదురు నిలిచి చప్పట్లు కొట్టుట అచ్చటి ఆచారమట. గెలిచినవాడు ఓడనివానిని గౌరవించుట యన నిదియే కదా! ఇందులో సగము దూరపు పోటీ 2019 నుండి మన గోవాలోను జరుగుచున్నది.

మనవారు వెనుకబడియున్నారని యనుకొనరాదు. అమెరికా ఖండమును పడమటి తీరమునుండి తూర్పు తీరమునకు సైకిలుపై దాటు పందెమును, సుమారు 4800 కిలోమీటర్లు, 2017లో శ్రీనివాస్ గోకుల్‌నాథ్, అమిత్ సమర్థ్ అను నిరువురు భారతీయులు ఒంటరిగా తొక్కి పండ్రెండుదినముల గడువులోపల ముగించిరి. ఒకరు సైన్యమున వైద్యులు, రెండవవారును వైద్యులే. మన తెలుగు స్త్రీలలో సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు నలువదియేండ్లు దాటిన పిదప ఈత నేర్చి, 2021లో లంకనుండి ధనుష్కోటికి రమారమి 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని పదునాలుగు గంటల లోపుననే దాటిరి. నలువది దాటినంతనే దేహము తనది కాదని, పిల్లలదియు మనుమలదియు నని యనుకొను మన గృహములలో ఈ వార్త చదివి వినిపింపదగినది.

ఇంత విన్నను నాలోని ముసలి ఉపాధ్యాయుడు శాంతింపలేదు. "ఇదంతయు పనిలేని పని కాదా?" అను ప్రశ్న నన్ను పీడించెను. మా చెల్లెలు గురజాలకు మూడు క్రోసుల దూరముననున్న మా స్వగ్రామములోనే యుండును. ఆమె నలువదేండ్లు మిరపచేలలో వంగి పనిచేసినది. కోతకాలమున చేతులు మంట లెత్తగా రాత్రులు నిద్రలేక కూర్చున్నది. ఆ కష్టమును గంటలలో కొలిచినవారు లేరు. దానికి పతకమిచ్చినవారు లేరు. తొక్కవలసిన యక్కఱలేని దూరమును తొక్కినవారికి ప్రశంసయా? అక్కఱచే జీవితమంతయు నడచినవారికి మౌనమా?

ఈ ప్రశ్నకు సమాధానము నా గతములోనే యున్నది. దానిని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. అయినను చెప్పెదను.

సాగరు కాలువలకు నీరు వదలిన 1967వ సంవత్సరమున మా చెల్లెలు ఏడవతరగతి ముగించినది. తరగతిలో ఆమెయే మొదటిది. పైచదువునకు గురజాల పోవలెను. మా నాయనగారియొద్ద నొక పాత సైకిలుండెను. "అమ్మాయి నేర్చుకొంటే రోజూ పోయిరావచ్చునేమో" అని నాయనగారు మెల్లగా ననిరి. నేను అప్పుడే నరసరావుపేటలో కళాశాలలో చేరియున్న పదునేడేండ్ల పండితుడను. "ఆడపిల్ల సైకిలెక్కితే ఊరు నవ్వదా నాన్నా? నేను తలెత్తుకొని తిరగవద్దా?" అంటిని. నాయనగారు మఱి మాటాడలేదు. ఆ సైకిలును నేనే నరసరావుపేటకు తీసికొనిపోతిని. నేను బయలుదేరునాడు దానిని తుడిచి, చక్రములకు నూనెవేసి యిచ్చినది మా చెల్లెలే. ఆ యేడే వక్తృత్వపు పోటీలో స్త్రీవిద్యను గూర్చి ప్రసంగించి నేను ప్రథమబహుమతి పొందితిని!

ఒక పాత సైకిలు పదిమైళ్ళలోపు దూరమును చెరిపియుండును. ఒక మాట దానిని దాటరానిదిగా చేసినది. బీహారులో 2006లో ప్రభుత్వము బాలికలకు సైకిళ్ళిచ్చిన పిమ్మట, ఉన్నతపాఠశాల దూరముగానున్న గ్రామములలోనే చేరిక మిక్కిలి పెరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు కనుగొనిరి. తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి యేండ్లలో అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది పేదస్త్రీలు సైకిలు నేర్చిరి. ఈ సంగతులు చదివినపుడెల్ల నాకు ఆ నూనె వాసన జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక మనుమరాలి ప్రయాణము. జనవరి నెల ఆదివారము, తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు బయలుదేరినది. తలకు శిరస్త్రాణము, వెలుతురు పడిన మెఱయు చొక్కా, సైకిలుకు ముందువెనుకల దీపములు, సంచిలో మిగులు ట్యూబు, గాలిపంపు, వేరుసెనగ ఉండలు, ఉప్పు వేసిన మజ్జిగ. చెమటతో నీరు మాత్రమే గాక ఉప్పును పోవుననియు, వట్టినీరే అమితముగా త్రాగిన రక్తములో లవణము పలుచనై ప్రాణాపాయము కలుగవచ్చుననియు ఆమె నాకు చెప్పియుండెను. రెండేండ్లుగా కొంచెము కొంచెముగా దూరము పెంచుకొనుచు వచ్చినదే గాని, ఒక్కసారిగా సాహసింపలేదు. "ఒళ్ళు వద్దంటే ఆగిపోతాను తాతయ్యా. ఆగటం ఓటమి కాదు" అని నాకు మాట యిచ్చినది. ఆమె భయమెల్ల లారీలను గూర్చియు, మరుగుదొడ్లను గూర్చియు. రెండువందల కిలోమీటర్ల దారిలో ఆడది నిస్సంకోచముగా పోదగిన మరుగుదొడ్డి యెక్కడెక్కడ నున్నదో వారముదినములు విచారించి కాగితముపై వ్రాసికొన్నది. పురుషులకు ఇట్టి పటముతో పనిలేదు. మన రహదారులు ఎవరికొఱకు వేయబడినవో ఆ కాగితము చూచిన తెలియును.

వెంట రావలదని నన్ను శాసించినందున, నేను ఉదయపు బస్సులో మా చెల్లెలి యూరు చేరితిని. గురజాల, రెంటచింతల, మాచర్లల మీదుగా సాగరు పోవు దారి ఆ యూరి ప్రక్కనే పోవును. తిరిగివచ్చునపుడు పండ్రెండున్నరకు అచ్చట నాగెదనని ఆమె చెప్పియుండెను. నేనును చెల్లెలును వేపచెట్టు క్రింద మజ్జిగచెంబుతో కూర్చుంటిమి. ఒంటిగంట అయ్యెను. ఒంటిగంటన్నర అయ్యెను. నేను దూరవాణి తీయబోగా చెల్లెలు, "ఊరుకో అన్నయ్యా. తొక్కేటప్పుడు పిలిస్తే బెదురుతుంది" అని వారించినది.

రెండుగంటలకు వచ్చినది. మాచర్ల యవతల చక్రము పగిలినదట. రోడ్డుప్రక్కన కూర్చుండి తానే ట్యూబు మార్చుకొన్నది. ముఖమంతయు దుమ్ము, మోచేతులపై నల్లని మరకలు. మజ్జిగ త్రాగి, సంచిలోనుండి యొక అట్టముక్క తీసినది. బ్రెవే చీటీవలె గళ్ళు గీసికొని తానే తయారుచేసికొన్నది.

"అమ్మమ్మా, ఇక్కడ సంతకం పెట్టు. ఈ ఊళ్ళో నా ముద్ర నీదే."

చెల్లెలు చేతులు చీరచెఱగున తుడుచుకొని, గడియారము నన్నడిగి వేళ వ్రాసి, సంతకము చేసినది. ఏడవతరగతిలో నేర్చిన గుండ్రని యక్షరములు. అవి చెడలేదు. పిల్ల చీటీ తీసికొని, ఎదురుగాలి వీచుచుండగా గురజాల వైపు సాగిపోయినది.

చాలసేపు ఇద్దఱమును మాటాడలేదు. తుదకు నేనే, "అమ్మాయీ, ఆ రోజు ఆ సైకిలు నేను తీసుకుపోకుండా ఉండవలసింది" అంటిని. ఏబదియేండ్లకు పైగా నోటికి రాని మాట.

ఆమె దారివైపే చూచుచు, "నువ్వు తీసుకుపోయావని కాదన్నయ్యా. నీకు తొక్కాలని ఉందా అని నన్నెవ్వరూ అడగలేదు. పెండ్లప్పుడూ అడగలేదు, పొలానికి పంపేటప్పుడూ అడగలేదు. ఓర్చుకొన్నాను. దీన్ని చూడు, అదీ ఓర్చుకొంటున్నది. కాని ఇది దానికది కోరుకొన్న కష్టం" అన్నది.

నా ప్రశ్నకు సమాధానము లభించెను. ఓర్పు మన స్త్రీలకు క్రొత్తది కాదు. ఇంతకాలము దానిని పొగడి, పద్యములు కట్టి, వారినెత్తిన మఱింత బరువు పెట్టితిమి. క్రొత్తది ఏదనగా, దేనికొఱకు ఓర్వవలెనో తానే యెన్నుకొని, చాలుననిపించినపుడు ఆపుకొను స్వాతంత్ర్యము. నా మనుమరాలు తొక్కిన రెండువందల కిలోమీటర్లచే లోకమునకు గింజ ధాన్యము పెరుగలేదు. కాని ఆ దినము ఆమె కాళ్ళు ఆమెవే, ఆమె దారి ఆమెదే. మిరపచేలలో వంగిన లక్షలాది స్త్రీలకు ఆ యొక్క దినమైనను లేకుండుటయే మనము సిగ్గుపడవలసిన సంగతి గాని, ఈ పిల్లకు అది దొరకుట కాదు.

సాయంకాలము అయిదుగంటల నలువదియొక్క నిమిషములకు దూరవాణి మ్రోగెను. ఇల్లు చేరినది. గడువు ఆరుగంటలకు.

"పందొమ్మిది నిమిషాలు మిగిలాయట" అని చెప్పితిని.

చెల్లెలు చేటలోని బియ్యములో రాళ్ళేరుచు, తల యెత్తక, "ఆ చక్రం పగలకపోతే ఇంకా ముందే చేరేది" అన్నది. ఆమె కంఠమున నేనెన్నడు నెఱుగని గర్వము వినబడెను.

చదువరులారా, మీ యింటి బాలికలందఱును సముద్రములు దాటవలెననియు, రాత్రింబవళ్ళు సైకిలు తొక్కవలెననియు నేను కోరుట లేదు. కొందఱికి చదువుపై మనసు, కొందఱికి సంగీతముపై మనసు. కాని యింటిలో నొక సైకిలున్నయెడల, దానిపై చేయి వేయుటకు ముందు, గుమ్మమున నిలిచిన పిల్లను ఒక్కసారి అడుగుడు. నేను అడుగలేదు.