నలభై చాలు

పాత కంప్యూటర్ మధ్యమధ్యలో ఆగిపోతుంటే మనం మొదట కరెంటునో, వైరస్‌నో తిట్టుకుంటాం. మా ఇంట్లో సంగతి వేరుగా తేలింది. మీకూ ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను.

మా డెస్క్‌టాప్ 2012లో మా మరిది ఇంజనీరింగ్ చదువుతూ కొన్నది. ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-2500కె. కంపెనీ ఇచ్చిన వేగం 3.3 గిగాహెర్ట్జ్. చివరనున్న ఆ 'కె' అక్షరం ఉంటే వేగం పెంచుకునే వీలుంటుందట. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వంద మెగాహెర్ట్జ్‌ని ఎన్నింతలు చేయాలో బయోస్‌లో అంకె పెడతారు. మా మరిది నలభై ఐదు పెట్టాడు. అంటే 4.5. కాస్త వోల్టేజీ కూడా పెంచాడు. ఏళ్ల తరబడి అలాగే పరుగెత్తింది. అది అతని గర్వం.

ఈ ఎండాకాలం నీలి తెర మొదలైంది. అందులో మామయ్యగారి ఫొటోల స్కాన్‌లున్నాయి. 2024 బుడమేరు వరదలో ఆల్బమ్‌లన్నీ నానిపోయాయి కాబట్టి మాకు మిగిలినవి అవే. వాటిని బయటి డిస్క్‌లోకి ఎక్కిస్తుంటే ఒక ఫొటోలో మామయ్యగారి భుజాల కింద అంతా బూడిదరంగు పట్టీ. అత్తయ్య ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

మరిదికి ఫోన్ చేశాను. "ముందు బయోస్‌లో అన్నీ కంపెనీ సెట్టింగులకి మార్చెయ్ వదినా. ప్రాసెసర్ తడబడితే లెక్క తప్పుతుంది, ఫైలు పాడవుతుంది. అప్పటిదాకా ఏదీ కాపీ చేయకు" అన్నాడు. మార్చి మళ్లీ కాపీ చేస్తే ఆ ఫొటో నిండుగా వచ్చింది. డిస్క్‌లోని అసలు బాగానే ఉందన్నమాట.

తర్వాత ఒక్కొక్కటే చూశాం. ఒకేసారి రెండు మారిస్తే తప్పు దేనిదో తెలియదు. రాత్రంతా మెమరీ పరీక్ష నడిపితే ఒక్క తప్పూ లేదు. కూలర్ విప్పి దుమ్ము దులిపి, ఎండి పెచ్చులు కట్టిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశాను. కంపెనీ వేగం మీద ప్రైమ్95 నాలుగు గంటలు నడిచింది. అంటే తడబాటంతా పెంచిన వేగంలోనే ఉంది.

నలభై పెడితే నిలిచింది. నలభై రెండు అరగంట. నలభై మూడు పది నిమిషాలకే నీలి తెర. "ఇంకొంచెం వోల్టేజీ ఇద్దాం" అన్నాడు. ఇస్తే వేడి తొంభై డిగ్రీలు దాటింది.

చిప్ కూడా అరుగుతుందట. ఏళ్ల వేడికీ, వోల్టేజీకీ లోపలి సన్నని దారులు బలహీనపడి, అదే వేగానికి ఇంకా వోల్టేజీ అడుగుతుంది. ఇస్తే ఇంకా అరుగుతుంది. పవర్ సప్లైలో, మదర్‌బోర్డులో ఉండే కెపాసిటర్లదీ ముసలితనమే. పాతికేళ్లప్పుడు మోసిన బస్తాని అరవైలో మొయ్యమంటే ఎలా?

నలభై దగ్గరే ఉంచి, వోల్టేజీ తగ్గించాం. రాత్రంతా పరీక్ష నడిపినా ఆగలేదు. రాయడానికీ, ఫొటోలు చూసుకోవడానికీ తేడా ఏమీ తెలియడం లేదు. స్కాన్‌లు ఇప్పుడు రెండు డిస్క్‌ల్లో ఉన్నాయి, ఒకటి మా ఆడపడుచు ఇంట్లో.

మొన్న మరిది మళ్లీ ఫోన్ చేశాడు. "వదినా, చలికాలంలో ఒక్కసారి నలభై ఒకటి పెట్టి చూద్దామా?"

వెనకనుంచి అత్తయ్యే అన్నారు, "నలభై చాలురా నాయనా."