యమాతారాజభానసలగం: ఎం.సి.ఎ. మొదటి పేపరు

ఎం.సి.ఎ.లో చేరిన మొదటి వారంలోనే మాకొక సంగతి తెలిసింది. కంప్యూటర్ కోర్సులో కంప్యూటర్ కంటే ముందు లెక్కలు ఎదురొస్తాయి. ఆ పేపరు పేరు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్. కొన్ని యూనివర్సిటీల్లో దాన్నే మ్యాథమెటికల్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్ అంటారు. బాన్సువాడ హాస్టల్లో కలిసి పెరిగి, కలిసి సీటు తెచ్చుకున్న మేము నలుగురం. ట్రెంబ్లే, మనోహర్ 1975లో రాసిన లావుపాటి పుస్తకాన్ని లైబ్రరీలో తీసుకుని, గదికి తెచ్చి, మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. పేజీ నిండా తలకిందుల ఎ, వెనక్కి తిరిగిన ఇ, బాణాలు. మధ్యమధ్య ఇంగ్లీషు.

రెండో నెలలో మాలో ఒకడు పెట్టె సర్దుకున్నాడు. "లెక్కలు మన తలకెక్కవురా" అని మాత్రం అన్నాడు. బస్టాండు దాకా వెళ్లి సాగనంపి వచ్చాం. హాస్టల్లో ఉన్నప్పుడు పద్యం వినగానే గురువు, లఘువు గుర్తించి గణవిభజన చేసి పడేసేది అతనే. తెలుగు సారు బోర్డు మీద రాయడం పూర్తయ్యేలోగా ఇతను ఉత్పలమాలో, చంపకమాలో చెప్పేసేవాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నామో ముందు ముందు తెలుస్తుంది.

మొదట ఆ పేరు సంగతి చూద్దాం. లోకంలో కొన్నింటిని కొలుస్తాం, కొన్నింటిని లెక్కపెడతాం. నిజాంసాగర్‌లో నీటిమట్టం కొలిచేది. కాలువ మీద తూములు లెక్కపెట్టేవి. రెండున్నర తూములు ఉండవు. ఇలా విడివిడిగా, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలిగే వస్తువుల గణితమే ఇది. కంప్యూటర్ లోపల ఉన్నవన్నీ సున్నాలు, ఒకట్లే కాబట్టి దానికి ఈ గణితం పునాది అయింది. జార్జి బూల్ 1854లో తర్కాన్ని బీజగణితంలా రాసి చూపాడు. క్లాడ్ షానన్ 1937లో తన మాస్టర్స్ థీసిస్‌లో అదే బీజగణితం స్విచ్చుల సర్క్యూట్లకు సరిపోతుందని నిరూపించాడు. చరిత్ర ఇంతవరకు చాలు.

మొదటి యూనిట్ తర్కం. 'ఇఫ్' అంటే ఏమిటి, 'ఓన్లీ ఇఫ్' అంటే ఏమిటి? ఇంగ్లీషు మీడియం నుండి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడ్డారు. మాకు మెస్ గంట గుర్తుకొచ్చింది. "గంట కొడితే అన్నం పెడతారు." "గంట కొడితేనే అన్నం పెడతారు." ఒక్క 'నే'తో బాణం వెనక్కి తిరిగిపోయింది. మొదటి మాట ప్రకారం గంట మోగిందంటే అన్నం ఉన్నట్టే. రెండో మాట ప్రకారం అన్నం పెట్టారంటే గంట మోగినట్టే. ఒక రోజు గంట కొట్టకుండా అన్నం పెట్టారనుకోండి. మొదటి మాట తప్పలేదు, రెండోది తప్పింది. గంట కొట్టలేదు, అన్నమూ పెట్టలేదు. అప్పుడు రెండూ తప్పలేదు, ఆకలి మాత్రం మిగిలింది! ట్రూత్ టేబుల్‌లో నాలుగు వరుసలు ఇవే. తెలుగులో ఒక్క అక్షరం చేసే పనికి ఇంగ్లీషు పుస్తకంలో రెండు పేజీలు పట్టాయి.

గ్రాఫులు వచ్చేసరికి మా ఊరి కాలువ పనికొచ్చింది. నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. పెద్ద కాలువ నుండి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుండి పిల్ల కాలువలు, చివరికి మడి. పుస్తకంలో దీన్ని 'ట్రీ' అంటారు. ట్రీలో ఏ మడికైనా నీరు వచ్చే దారి ఒక్కటే. అందుకే పైన ఎక్కడ షట్టరు దించినా, కింద ఉన్నవాళ్లందరి పొలం ఎండుతుంది. చివరి ఆయకట్టు రైతుల పిల్లలకు ఈ సిద్ధాంతాన్ని వేరే నిరూపించనక్కర్లేదు. బస్సు రోడ్లు అలా కాదు. బాన్సువాడ నుండి నిజామాబాద్‌కు ఒక రోడ్డు మూసినా ఇంకో దారిలో పోవచ్చు. అది చక్రాలున్న గ్రాఫు. ఆ దారుల్లో ఏది దగ్గరో తేల్చే పద్ధతిని డైక్‌స్ట్రా 1959లో ప్రచురించాడు.

ఇక అసలు కథ. ఆయిలర్ 1736లో కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనల చిక్కు విప్పాడు. ప్రతి వంతెననూ ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరగగలమా అన్నది ప్రశ్న. కుదరదని తేల్చి, ఎప్పుడు కుదురుతుందో చెప్పాడు. దాని తర్వాతి పేజీల్లో డి బ్రయిన్ వరుస వచ్చింది. 1946లో ఆయన రాసిన వ్యాసం వల్ల ఆ పేరు. సున్నా, ఒకటి వాడి మూడేసి అంకెల గుంపులు కడితే ఎనిమిది వస్తాయి. ఆ ఎనిమిదీ ఒక్కొక్కసారే వచ్చేలా ఒకే వరుస రాయాలి. సారు బోర్డు మీద రాస్తుంటే మాలో ఒకరు పైకే అనేశారు: "ఇది యమాతారాజభానసలగం కదా!"

మీరూ రాసి చూడండి. I U U U I U I I I U. మొదటి మూడూ య గణం. ఒక అక్షరం జరిగితే మ గణం. ఇంకొకటి జరిగితే త. అలా ర, జ, భ, న, స. పది అక్షరాల్లో ఎనిమిది గణాలు. ఇది ఆయిలర్ నడకే. UU, UI, IU, II అని నాలుగు ఊళ్లు అనుకోండి. ప్రతి గణం ఒక రోడ్డు. దాని మొదటి రెండు అక్షరాలు బయలుదేరే ఊరు, చివరి రెండు చేరే ఊరు. య గణం IU నుండి UUకు పోతుంది. మ గణం UUలోనే ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి ఊరికీ వచ్చే రోడ్లు రెండు, పోయే రోడ్లు రెండు. అందుకే నడక కుదిరింది. 'యమా'తో బయలుదేరి 'లగం'తో అదే ఊరికి, IUకు, తిరిగొచ్చింది.

ఆ రాత్రి మేము ముగ్గురం నిద్రపోలేదు. రికరెన్స్ రిలేషన్ల పాఠం తీసి కంద పద్యం పక్కన పెట్టాం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల గణాలు ఎన్ని? గగ, భ, జ, స, నల. సుమతీ శతకం చదివిన ప్రతివాడికీ తెలిసిన అయిదు. చివర లఘువుంటే ముందు మూడు మాత్రలు, గురువుంటే ముందు రెండు మాత్రలు. మూడు మాత్రలకు 3 విధాలు, రెండు మాత్రలకు 2, కలిపితే 5. ఇలాగే 1, 2, 3, 5, 8, 13. పుస్తకంలో దీని పేరు ఫిబొనాచీ. ఆయన పుస్తకం 1202 నాటిది. హేమచంద్రుడు అంతకు ముందే, 12వ శతాబ్దంలో, ఛందస్సు కోసం ఇదే లెక్క చెప్పాడు. ఇంటర్ పుస్తకంలో పర్ముటేషన్లను 'ప్రస్తారాలు' అంటారు గదా, ఆ మాట కూడా ఛందస్సులో ఉన్నదే.

తెల్లారి మా నాలుగో వాడికి ఫోన్ చేశాం. అప్పటికే ఒక మొబైల్ షాపులో కుదిరాడు. అంతా విని కాసేపు ఏమీ అనలేదు. "ముందే చెప్పేవాళ్లు లేకపోయిరి" అన్నాడు. తిరిగి చేరలేదు. ఇంటి పరిస్థితి అలా ఉంది.

అతని మాట మీదే ఇది రాస్తున్నాం. తమ్ముళ్లారా, మీకొక లెక్క ఇస్తున్నాం. నాలుగేసి అక్షరాల గుంపులు పదహారు. అవన్నీ ఒక్కొక్కసారే వచ్చేలా 19 అక్షరాల మాట కట్టాలి. ఈసారి ఊళ్లు ఎనిమిది, అవి మీ గణాలే. ఒక్కో ఊరి నుండి రోడ్లు రెండే. చక్రంలా తిప్పితే ఒకటే అయ్యేవాటిని ఒకటిగా లెక్కిస్తే జవాబులు 16 ఉన్నాయి, ఒక్కటి దొరికినా చాలు. స్టడీ రూం బోర్డు మూలలో రాసిపెట్టండి. ఈసారి వచ్చినప్పుడు చూస్తాం. మా నాలుగో వాణ్ణీ వెంట తెస్తాం, తప్పుంటే మాకంటే ముందు పట్టుకునేది అతనే.