అమెరికా లిస్టూ, అయ్య డయాలసిస్సూ

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పాప పదో తరగతిలో ఉండగా దాని చేతిలోంచి 'రైలుబడి' పుస్తకం లాక్కుని అటక మీద పడేసిన తల్లిని నేనే. "పరీక్షలయ్యాక చదువుకో, పుస్తకం ఎక్కడికీ పారిపోదు" అన్నాను. పరీక్షలయ్యాయి. ఇంటర్‌లో ఎంపీసీలో చేర్చాం. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. మార్కులు బాగా పడతాయని అందరిలాగే మేమూ సంతకం పెట్టేశాం. ఆ తర్వాత ఆ పుస్తకం దానికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

అలాంటిదాన్ని, పోయిన ఏడాది దసరా సెలవుల్లో కూర్చుని "కాలేజీకి వెళ్లబోయే పిల్లలు చదవాల్సిన పుస్తకాలు" అని ఫోన్లో వెతుకుతుంటే మావారు పక్కన నిలబడి నవ్వారు. నవ్వరా మరి!

సంగతేమిటంటే, సెకండియర్ సగంలో పాప బాంబు పేల్చింది. ఇంజినీరింగ్ వద్దట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఎం.ఏ. ఉంటుందట, అందులో హిస్టరీ చదువుతుందట. మావారు కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. "హిస్టరీ చదివి ఏం చేస్తావే, పిక్కల బస్తాల చరిత్ర రాస్తావా?" అన్నారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు "సీటొస్తే చూద్దాం" అన్నారు. మా ఇంట్లో అది సరే అన్నట్టే లెక్క.

సీటు రావాలంటే సీయూఈటీ రాయాలి. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకి అదే పరీక్ష. అందులో ఇంగ్లీషు పేపరు ఉంది చూశారూ, అది మన గైడ్లకి లొంగదు. ఎప్పుడూ చూడని పేరాలిచ్చి కింద ప్రశ్నలడుగుతారు. పాప ఒక పాత పేపరు తెచ్చుకుని రాసుకుంది. పది ప్రశ్నలకి నాలుగే ఒప్పులు. దిగాలుగా కూర్చుని ఒక మాటంది: "అన్ని మాటలకీ అర్థం తెలుసమ్మా. కలిపి చదివితే ఆయనేం చెప్తున్నాడో తెలీటం లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అటక నా నెత్తి మీదే ఉంది కదా.

ఫోన్లో లిస్టులకి కొదవ లేదు. చచ్చేలోపు చదవాల్సిన వంద పుస్తకాలు, ఐఏఎస్ టాపర్లు చదివిన పుస్తకాలు, ఒకటా రెండా! న్యూజెర్సీలో ఉండే మా వదినకి ఫోన్ చేస్తే, అక్కడ హైస్కూలు పిల్లలకి వేసవి సెలవులిచ్చేటప్పుడే చదవాల్సిన పుస్తకాల లిస్టు కూడా చేతికిస్తారని చెప్పింది. వాళ్ల అబ్బాయికిచ్చిన లిస్టు ఫొటో తీసి పంపింది. అందులోంచి 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్', 'ది గ్రేట్ గాట్స్‌బీ' తెప్పించాను. పాప గాట్స్‌బీ ఇరవై పేజీలు చదివి, ఎవరి పార్టీకి ఎవరొచ్చారో తెలియక మూసేసింది. రెండోది కవరు కూడా చింపలేదు. నేను కోప్పడలేదు. మనకి మాత్రం ఎవరో చేతిలో పెట్టి చదవమంటే చదవబుద్ధవుతుందా?

నా రోజులు గుర్తొచ్చాయి. టెక్కలిలో ఇంటర్ చదివేటప్పుడు అద్దె పుస్తకాల షాపులో యద్దనపూడి నవలలు తెచ్చి, జువాలజీ పుస్తకంలో పెట్టుకుని చదివేదాన్ని. 'సెక్రటరీ', 'మీనా' అలా అయినవే. దొరికినప్పుడు మా అమ్మ చీపురు తిరగేసింది. చూడండి, అమ్మ నాకు చేసిందే నేను పాపకి చేశాను. కాకపోతే చీపురు బదులు అటక.

సంక్రాంతి ముందు ఒక ఆదివారం పాపని తీసుకుని బస్సెక్కి, టెక్కలి, నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం వెళ్లాను. అక్కడ కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు. అచ్చయిన ప్రతి తెలుగు కథనీ ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. మన జిల్లాలో ఇంత పని జరిగితే, నేను మాత్రం శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా చీరల షాపుల దాకా వెళ్లి వెనక్కొచ్చేదాన్ని.

అక్కడున్న పెద్దాయనకి నా లిస్టుల గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆయన పాపని ఏ పరీక్ష రాస్తున్నావని అడగలేదు. "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. పలాస అంది. "మరి అమ్మమ్మగారిది?" వజ్రపుకొత్తూరు వైపని చెప్పింది. "అయితే మీ వైపు మనుషులు ఎలా బతికారో చదువు ముందు" అని కారా మాస్టారి 'యజ్ఞం' చేతిలో పెట్టారు. అది చదువుతూ కూర్చుంది. నేను ఊరికే ఉండలేక బీరువాల మధ్య తిరిగితే భండారు అచ్చమాంబ గారి 'ధన త్రయోదశి' దొరికింది. 1902 నాటి కథ. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది కదా, దానికి ఎనిమిదేళ్ల ముందే ఒక ఆడమనిషి రాసింది! నేను ఒక కథ మొదటి నుంచి చివరిదాకా చదివి ఎన్నేళ్లయిందో లెక్క వేసుకోవడానికి సిగ్గేసింది. వచ్చేటప్పుడు బజార్లో 'యజ్ఞంతో తొమ్మిది' కొనుక్కున్నాం. 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అదే.

ఇప్పుడు మా అయ్య సంగతి చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదంటే మీరు నమ్మాలి. ఎందుకొస్తోందో డాక్టర్లు ఇంకా తేల్చలేదు. అయ్యకి రెండేళ్లుగా డయాలసిస్. వారానికి రెండుసార్లు పలాస తీసుకొస్తాం, ఒక్కోసారి నాలుగు గంటలు. చెయ్యి కదపకూడదు. నీళ్లు కొలుచుకుని తాగాలి. ఫ్యాను వైపు చూస్తూ పడుకోవాలి. సిస్టర్ ఒక్కర్ని పక్కన కూర్చోనిచ్చేది. ఆ వారం నాకు జ్వరమొచ్చి పాపని పంపాను. అది 'యజ్ఞం' పట్టుకెళ్లి, తాతకి పొద్దుపోవడానికి బయటికి చదవడం మొదలుపెట్టింది.

అప్పలరాముడి అప్పు గురించి పంచాయతీ జరుగుతుంటే అయ్య కళ్లు మూసుకునే జవాబిచ్చాడట. "అప్పు తీర్సినోడు ఎప్పుడూ తీర్సినోడు కాడే గుంటా. లెక్క, రాసుకున్నోడి పుస్తకంలో ఉంటాది." చివర్లో సీతారాముడు పసిబిడ్డని నరికి గోనెలో తెచ్చే చోట పాప గొంతు పెగల్లేదు. "ఆపీసినావేటి? సదువు" అన్నాడట. చదివింది. మెషీన్ కూత పెట్టేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. తర్వాత అడిగాడట, "ఇది రాసినోడు ఎవులు?"

"మన శ్రీకాకుళం మాస్టారే తాతా."

"అదే అనుకున్నాను."

ఆ రోజు నుంచి డయాలసిస్ డ్యూటీ పాపదే అయిపోయింది. కాలేజీ ఉన్న రోజుల్లో సాయంత్రం షిఫ్టు అడిగి మార్పించుకున్నాం. మావారు "చదువు పాడవుతుందేమో" అన్నారు గానీ, చదువు అక్కడే మొదలైందని నాకు మెల్లిగా తెలిసింది. తెలుగు పుస్తకాలైపోయాక తాత "ఇంకేటుంది?" అనడంతో ఇది ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఇంగ్లీషులో ఇంటి దగ్గర చదువుకుని వెళ్లి, అక్కడ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. తనకి సగమే అర్థమైతే తాతకి సగం కూడా చెప్పలేదు. అయ్య ఊరుకునే రకం కాదు. "ఆడెందుకు అలగన్నాడు? అంతకుముందు ఏటయింది?" అని నిలదీస్తాడు. ఇది ఇంటికొచ్చి మళ్లీ ఆ పేజీ తీసేది. ఏ కోచింగ్‌లో అడుగుతారండీ ఇలాంటి ప్రశ్నలు?

అలా కవరు చింపని 'మాకింగ్‌బర్డ్' కూడా బయటికొచ్చింది. చెయ్యని నేరం మీద పడిన నల్లవాడు, అతని తరఫున వాదించే లాయరు, ఆ లాయరు కూతురు చెప్పే కథ. నాలుగు వారాలు సాగింది. "ఆ లాయరుబాబు గెలిసినాడా?" అని అయ్య మధ్య రోజుల్లో ఫోన్ చేసి మరీ అడిగేవాడు. చివరికి జ్యూరీ అతనికి శిక్ష వేసేసిందని చెబితే, "ఆ పంచాయితీ ఈ పంచాయితీ ఒకలాటిదే. నానన్నాను కాదూ" అన్నాడు. వదినకి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ల అబ్బాయి ఆ పుస్తకానికి ఐదు పేజీల వ్యాసం రాశాడట. మా అయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు.

పరీక్షల ముందు నేనే నిచ్చెన వేసి 'రైలుబడి' దించాను. దుమ్ము దులిపి ఇస్తే పాప నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

టెట్సుకో కురోయనాగి చిన్నప్పుడు చదివిన టొమోయె అనే బడి కథ అది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. 1945లో బాంబులు పడి బడి కాలిపోతుంటే హెడ్మాస్టరు మంటల్ని చూస్తూ, ఈసారి ఎలాంటి బడి కడదాం అని కొడుకుని అడుగుతాడు. అక్కడ అయ్య పాపని ఆపేశాడట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లు మొదళ్లతో లేచిపోయాయి, జీడితోట చాపలా పడుకుంది. ఆ మర్నాడు అయ్య గొయ్యి ఎక్కడ తవ్వాలా అని చూస్తూ తిరగడం నేను కళ్లారా చూశాను. "ఏసిన మొక్క కాపుకొచ్చేతలికి నానుంటానో లేనో. ఏసినాను కదా" అన్నాడట పాపతో. నాతో ఎప్పుడూ అనలేదు.

మే నెలలో సీయూఈటీ అయింది. హిస్టరీ రాలేదు. సోషియాలజీ వచ్చింది. అదీ మనుషుల గురించే అని పాప సర్దుకుంది. మావారు విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసి, ఫ్యాక్టరీలో అందరికీ స్వీట్లు పంచారు. ట్రంకుపెట్టెలో పాప పెట్టుకున్నవి ఐదు పుస్తకాలే. 'రైలుబడి' మాత్రం తాతకి ఉంచేసింది.

ఇప్పుడు డయాలసిస్ డ్యూటీ నాది. మొన్న రావిశాస్త్రి గారి కథ చదువుతుంటే, గంట దాకా కళ్లు మూసుకుని విన్నాడు. బాగుందా అయ్యా అంటే అన్నాడు కదా:

"కత బాగుంది. ఆ గుంటయితే గొంతు మార్సి సదివేది."